నేల లోపల చూసినట్లు భావించబడును

మానవజాతి కనిపెట్టిన వాటిలో చక్రం గొప్పదని కొందరంటారు, విద్యుత్తు గొప్పదని మరికొందరంటారు. ఉభయులూ పొరబడ్డారు. అన్నిటికన్నా గొప్పది, భవన నిర్మాణపు కాంట్రాక్టులో మట్టి పరీక్షను గురించి రాసే నిబంధన. దాన్ని తొలిసారి రాసిన మహానుభావుడెవరో తెలియదు. తెలిసి ఉంటే నాలుగు రోడ్ల కూడలిలో ఆయన విగ్రహం నిలబెట్టమని ఈపాటికి నేనే అర్జీ పెట్టేవాణ్ణి. ఆ విగ్రహం దిమ్మె కింద మట్టి పరీక్ష మాత్రం చేయించనిచ్చేవాణ్ణి కాదు. అది ఆయనకు తీరని అవమానం!

ఆ నిబంధనను చదివే భాగ్యం కలగని పాఠకుల కోసం దాని సారాంశాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాను. దయచేసి నిటారుగా కూర్చుని చదవండి.

"ఇందుతో జతచేసిన మట్టి పరీక్షా నివేదిక కేవలం సమాచారం కొరకు ఇవ్వబడినది. దాని యథార్థతకు యజమాని బాధ్యుడు కాడు. కాంట్రాక్టరు స్థలమును స్వయముగా పరిశీలించి, భూమి లోపలి పరిస్థితులను గురించి సంపూర్ణముగా తృప్తి చెందినట్లు భావించబడును."

చూశారా ఆ నిండుతనం? కట్టించేవాడు నేల తనదే అంటాడు, దాని లోపల ఏముందో మాత్రం తనకు అక్కర్లేదంటాడు. పరీక్ష చేయించి రిపోర్టు ఇస్తాడు, దాన్ని నమ్మవద్దంటాడు. కట్టేవాడు ఆ స్థలం వైపు తొంగి కూడా చూడకపోవచ్చు. అయినా చూసేశాడు. చూసి ఊరుకోలేదు, తృప్తి కూడా చెందాడు! జీవితమంతా వెదికినా మనలో ఎందరికి దొరికింది సంపూర్ణమైన తృప్తి? దాన్ని ఒక్క సంతకంతో చేతికిచ్చే నిబంధనను తప్పుపట్టడానికి మనసెలా వస్తుంది?

ఉద్యోగం చేసినంత కాలం ఇటువంటి కాంట్రాక్టు పత్రాల ఇంగ్లీషును సరిచూడటమే నా వృత్తి. కామా ఉండవలసిన చోట సెమికోలన్ కనబడితే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. కాబట్టి నా మాటను ఆషామాషీగా తీసుకోకండి. ఎన్నో క్లాజులు చదివాను. మనిషిని ఇంత తేలికపరిచే క్లాజు వేరొకటి లేదు.

నా బాధల్లా ఒకటే. ఇంతటి సదుపాయాన్ని పునాదుల వాళ్లకే పరిమితం చేసి, మిగతా వృత్తుల వాళ్లకు అన్యాయం చేశాం.

ఆపరేషన్ చేసే డాక్టరును తీసుకోండి. పాపం, ఎక్స్‌రేలనీ స్కానింగులనీ ఎంత హైరానా పడుతున్నాడు! రోగి పొట్ట మీద ఒక చీటీ అంటించి, "లోపలి అవయవాల స్థానం కేవలం సమాచారం కొరకు తెలుపబడినది" అని రాసుకుంటే చాలదా? కాలేయం ఉండవలసిన చోట లేకపోతే అది కాలేయం చేసిన కాంట్రాక్టు ఉల్లంఘన. దర్జీ సంగతి చూడండి. కొలతలకని మనల్ని చేతులు చాపి నిలబడమంటాడు. మనకు తీరిక లేకపోతే పక్కింటాయన కొలతలు తీసుకుంటే సరిపోతుంది. ఇద్దరిదీ ఒకే వీధి కదా. చొక్కా బిగుతైతే, మన పొట్టను మనమే ముందుగానే పరిశీలించి తృప్తి చెందినట్లు భావించబడును!

దీన్ని గృహజీవితంలో ప్రవేశపెట్టే ప్రయత్నం కూడా చేశాను. బజారు నుంచి కూరగాయల సంచీ తెచ్చి మా ఆవిడ చేతికిస్తూ, "ఇవి కేవలం సమాచారం కొరకు. పుచ్చులుంటే నాకు సంబంధం లేదు. నువ్వు వీటిని లోపలిదాకా పరిశీలించి తృప్తి చెందినట్లే" అన్నాను.

"అలాగేనండీ" అంది ఆవిడ.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. కంచం తళతళలాడుతోంది. అందులో ఏమీ లేదు.

"వడ్డించవేం?" అన్నాను.

"మీరు తిని తృప్తి చెందినట్లు భావించానండీ. లేచి చెయ్యి కడుక్కోండి."

ఆవిడ వాక్యనిర్మాణంలో వెదికినా ఒక్క తప్పు దొరకలేదు. ఆ పూటకు అరటిపండుతో సరిపెట్టుకున్నాను.

ఇక ఈ నిబంధన మా వీధిలో సాధించిన విజయాన్ని మీ ముందుంచుతాను. మా ఇంటి ప్రహరీకి అవతల చిన్నపిల్లల బడి ఉంది. దానికి మా కోడలే ప్రధానోపాధ్యాయిని. పిల్లలు చాలాకాలంగా ఒక రేకుల షెడ్డులో చదువుకుంటున్నారు. ఎండొస్తే ఉడుకుతారు, వానొస్తే పాఠం వినబడదు. ఆ షెడ్డు పక్కనున్న ఖాళీ జాగాలో కొత్త భవనం కట్టడానికి ప్రభుత్వంవారు పూనుకున్నారు.

ఆ ఖాళీ జాగా ఒకప్పుడు ఇటుకలవాళ్లు మన్ను తవ్వుకున్న పెద్ద గొయ్యి. వాళ్లు వెళ్లిపోయాక ఊరి చెత్తంతా వచ్చి దాన్ని పూడ్చింది. పగిలిన పెంకులు, టైర్లు, సీసాలు, మంచాల కోళ్లు అన్నీ అందులోకే వెళ్లాయి. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. అయితే వీధిలో వాళ్లను అడగాలని కాంట్రాక్టులో ఏ క్లాజూ లేదు. లేనిది ఎలా అడుగుతారు?

మట్టి పరీక్షకు మనుషులు వచ్చారు. మూడు కాళ్ల ఇనుప స్టాండు, పైపులు, నేల ఎంత గట్టిదో చూడటానికి పైపు నెత్తిన వేసే ఇనుప గుండు, అన్నీ బండి మీద తెచ్చుకున్నారు. తీరా చూస్తే జాగా గేటుకు తాళం. ఆ తాళంచెవి బదిలీ అయిన గుమాస్తా జేబులో, ఆయనతోపాటే వేరే ఊరు వెళ్లిపోయింది. తాళం పగలగొడదామంటే అది ప్రభుత్వ ఆస్తి. వాళ్ల మేస్త్రి మా గోడ మీది నుంచి తల పెట్టి, "అయ్యగారూ, మీ పెరట్లో రెండు బొక్కలు వేసుకోమంటారా?" అని అడిగాడు.

"జాగా అటువైపు కదయ్యా?"

"మట్టికి గోడ అడ్డమేంటండీ. అటైనా ఇటైనా ఒకటే భూమి."

ఇంత విశాల దృక్పథం గల మనిషిని ఎలా కాదనగలను? మా ఆవిడ మాత్రం ఒక షరతు పెట్టింది. "పని అయ్యాక ఒక పైపు అక్కడే పాతి వెళ్లండి నాయనా. బట్టలారేసే తాడు కట్టుకుంటాను." మేస్త్రి ఒప్పుకున్నాడు. ఈ మొత్తం ప్రాజెక్టులో ఉభయపక్షాలూ తు.చ. తప్పకుండా నెరవేర్చిన కాంట్రాక్టు అదొక్కటే.

మా పెరడు మెట్టనేల. గుండు పడ్డప్పుడల్లా పైపు గుంజలా నిలబడిపోయేది తప్ప దిగేది కాదు. వాళ్లు చెమటలు కక్కుతుంటే నాకు లోలోపల గర్వంగానే ఉంది. తరవాత వాళ్లను పంపిన మట్టి కన్సల్టెంటుగారి రిపోర్టు వచ్చింది. బడి జాగా బహు దృఢమైనదనీ, ఎంత బరువైనా మోయగలదనీ అందులో రాశారు. మా పెరటికి ఇంతటి కితాబు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. చివరి పేజీలో కింద చిన్న అక్షరాలతో, "బొక్కలు వేసిన చోట తప్ప ఇతరత్రా భూమి ఎట్లుండునో మేము చెప్పజాలము" అని కూడా ఉంది. నిజాయితీ అంటే అదీ!

ఆ రిపోర్టును జతచేసి టెండరు పిలిచారు. కాంట్రాక్టరు సంతకం చేశాడు. చేసిన క్షణంలోనే తృప్తి చెందాడు. తరవాత పునాదులు తవ్వితే టైరు వచ్చింది. ఇంకాస్త తవ్వితే సగం సైకిలు వచ్చింది. తక్కిన సగం కూడా వస్తుందేమోనని చూసి, అది రాకపోయేసరికి భయపడి, ఈ పని చూసే ప్రభుత్వ ఇంజనీరుగారికి కబురు పెట్టాడు. నేల అంతా చెత్తగా ఉంది, పునాది ఇంకా లోతుకు దించాలి, కాబట్టి అదనపు పనికి అనుమతి ఇవ్వండి అని.

ఇంజనీరుగారి జవాబు బంగారు అక్షరాలతో రాసుకోదగ్గది. "భూమి లోపలి పరిస్థితులను గురించి తమరు ఇదివరకే సంపూర్ణముగా తృప్తి చెంది ఉన్నారు. కావున తమకు ఇప్పుడు ఆశ్చర్యము కలుగుటకు అవకాశము లేదు."

ఒక మనిషి ఆశ్చర్యపడే హక్కును ఇంత మర్యాదగా రద్దు చేయడం మీరెక్కడైనా చూశారా? కాంట్రాక్టరుకు జ్ఞానోదయం అయింది. తృప్తి చెందినవాడు ఇంకా లోతుకు ఎందుకు తవ్వుతాడు? సగం సైకిలు ఉన్నచోటనే ఉంచి, దాని మీద కాంక్రీటు పోయించాడు.

భవనం లేచింది. చూడముచ్చటగా ఉంది. గోడలకు లేత పసుపు రంగు, కిటికీలకు నీలం రంగు వేశారు. తొలి వానలు పడ్డాయి. పడమటి మూలగది, అంటే అందరికన్నా చిన్న తరగతి పిల్లల కోసం కట్టిన గది, మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. గోడ మీద పైనుంచి కిందికి ఒక బీట వచ్చింది. మొదట వెంట్రుకంత ఉండేది. తరవాత అందులో బల్లి కాపురం పెట్టింది.

దీన్ని చూసి కొందరు నోరు నొక్కుకున్నారు. నాకు మాత్రం అందులో ప్రయోజనాలే కనబడ్డాయి. ఆ గది తలుపును ఎవరూ వేయనక్కర్లేదు, తనంతట తానే మూసుకుంటుంది. తెరవడానికి మాత్రమే ఇద్దరు కావాలి. ఊడ్చనక్కర్లేదు, చెత్త తానే మూలకు చేరుతుంది. ఏ పిల్ల పెన్సిలు పోయినా వెదకనక్కర్లేదు, అన్నీ ఒకే చోట దొరుకుతాయి. వాలు అంటే ఏమిటో చెప్పడానికి వేరే ఉపాధ్యాయుడు అవసరమా?

బడి తెరిచే రోజు దగ్గరపడింది. భవనాన్ని అప్పగించే సంతకానికి ముగ్గురు పెద్దలూ వేంచేశారు: ఇంజనీరుగారు, కాంట్రాక్టరు, మట్టి కన్సల్టెంటు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉందని మా కోడలు నన్ను రమ్మంది. "మామయ్యగారూ, మీరు పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుందండీ" అని కూడా అంది. ఆ రెండో మాటను నేను పెద్దగా పట్టించుకోనట్లు నటించాను.

సమావేశం ఆ మూలగదిలోనే జరిగింది. బల్ల మీద పెట్టిన టీ గ్లాసులు ఒకదాని వెనుక ఒకటి ఇంజనీరుగారి ఒడివైపు బయలుదేరాయి. ఆయన రెండు పట్టుకున్నారు, మూడోది దొరకలేదు.

"బల్ల కాళ్లు సరిగా లేవు" అన్నారు ప్యాంటు దులుపుకుంటూ.

"వడ్రంగి పనండీ. అది నా కాంట్రాక్టులో లేదు" అన్నాడు కాంట్రాక్టరు.

కన్సల్టెంటు తన రిపోర్టును నాలుగు మడతలు పెట్టి బల్ల కాలి కింద దూర్చారు. బల్ల నిలిచింది. ఆ రిపోర్టు ఒక బరువు మోయడం అదే మొదటిసారి.

కోడలు బీట వైపు చెయ్యి చూపి, "ఇందులో పిల్లల్ని కూర్చోబెట్టొచ్చా సార్?" అని అడిగింది.

"నిక్షేపంగా కూర్చోబెట్టండి మేడమ్" అన్నారు ఇంజనీరుగారు. "కొత్త భవనం అన్నాక కాస్త సర్దుకుంటుంది. మనం కొత్త చెప్పులు వేసుకుంటే సర్దుకోవూ?"

"చెప్పు కరిస్తే విడిచేస్తామండీ. ఇది మీద పడితే?"

"పడదు. ఒకవేళ పడితే అది భూమి తప్పు. నాది కాదు" అన్నాడు కాంట్రాక్టరు. "ఆ భూమి సంగతి రిపోర్టు రాసినాయన్ని అడగాలి."

"నా రిపోర్టు సమాచారం కోసమే" అన్నారు కన్సల్టెంటు. "నమ్మమని నేనెక్కడా రాయలేదే."

నేను కాగితం చదివాను. ఇంగ్లీషు నిర్దుష్టంగా ఉంది. "ప్రధానోపాధ్యాయిని ఈ భవనమును, దాని కింది భూమిని స్వయముగా పరిశీలించి, సంపూర్ణముగా తృప్తి చెంది స్వాధీనపరచుకున్నారు" అని దాని భావం. కోడలికి తెలుగులో చెప్పాను.

"అయితే వీళ్లందరి తృప్తీ దొర్లుకుంటూ వచ్చి నా ఒళ్లో పడిందన్నమాట" అంది.

నిజమే. నిబంధన గొప్పతనం ఆ దొర్లడంలోనే ఉంది. ఎత్తున ఉన్నవారి దగ్గర అది నిలవదు. ప్రభుత్వం నుంచి ఇంజనీరుకు, ఇంజనీరు నుంచి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుంచి బడి పంతులమ్మకు వచ్చింది. ఇక్కడితో ఆపడం నాకు నచ్చలేదు. కోడలికి ఒక సలహా ఇచ్చాను. "నువ్వు సంతకం పెట్టేసి, పిల్లల చేత వేలిముద్రలు వేయించమ్మా. 'మేము నేల లోపలి పరిస్థితులను పరిశీలించి తృప్తి చెందాము' అని. అయిదేళ్ల పిల్ల దీనికి ఎంతో తగిన మనిషి. నేల మీదే కూర్చుంటుంది, మిగతా పక్షాలకన్నా నేలకు దగ్గరగా ఉంటుంది. పైగా ఆ పిల్ల దగ్గరనుంచి దొర్లించడానికి కింద ఇంకెవరూ ఉండరు."

కన్సల్టెంటుగారు నా వైపు చూసి, "సార్ సరదాగా అంటున్నారు" అన్నారు. నేను జీవితంలో ఏ కాంట్రాక్టు గురించీ సరదాగా మాట్లాడి ఎరగను.

కోడలు కలం చేతిలోకి తీసుకుంది.

"సంతకం పెడతానండీ. ఒక్క వాక్యం కలుపుకుంటాను. వానలు వెళ్లేదాకా మీ ముగ్గురి ఆఫీసులూ ఈ గదిలో పెట్టుకోవాలి. పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవాలి. అప్పటివరకు పిల్లలు ఆ షెడ్డులోనే ఉంటారు. వానలయ్యాక మీరు ముగ్గురూ నడిచి బయటికొస్తే, నేను పిల్లల్ని లోపలికి తీసుకొస్తాను."

ఎంత సాదా కోరిక! ఖర్చు లేదు, కష్టం లేదు. నీలం కిటికీల్లోంచి గాలి కూడా బాగా వస్తుంది. కానీ ఆ పెద్దల ముఖాలు చూడవలసింది.

"నాకు హెడ్డాఫీసులో రోజూ మీటింగులుంటాయి మేడమ్" అన్నారు ఇంజనీరుగారు.

"నాకు నడుం నొప్పి. వాలు మీద కూర్చోకూడదన్నారు" అన్నాడు కాంట్రాక్టరు.

"ఏ వాలు?" అంది కోడలు.

కాంట్రాక్టరు జారుతున్న తన కుర్చీని వెనక్కి లాక్కున్నాడు. కన్సల్టెంటుగారు అందుకుని, "నాది భూమి లోపలి పని మేడమ్. భూమి పైన జరిగేవాటితో నాకు సంబంధం ఉండదు" అన్నారు.

"అయితే మీరు తృప్తి చెందలేదన్నమాట."

"చెందామండీ. చెందినా, పిల్లాపాపలు గలవాళ్లం" అన్నాడు కాంట్రాక్టరు.

మా కోడలు ఆ వాక్యాన్ని చక్కటి దస్తూరీతో రాసి, కింద సంతకం చేసి, కాగితాన్ని బల్ల మీద పెట్టింది. బల్ల కాలి కింది రిపోర్టు అప్పటికే అణిగిపోయింది కాబోలు, కాగితం కూడా ఇంజనీరుగారి వైపే జారింది. ఆయన దాన్ని నిప్పును ముట్టుకున్నట్లు రెండు వేళ్లతో అందుకున్నారు. ఆయన కాదనడానికి వీల్లేదు, భవనం నిక్షేపంగా ఉందని ఆయనే సెలవిచ్చారు. అవుననడానికీ వీల్లేదు, ఆకాశంలో మబ్బు పట్టి ఉంది.

మర్నాడు పొద్దున్నే బడిలో ఏదో అలికిడి విని గోడ మీది నుంచి చూశాను. మూడు కాళ్ల ఇనుప స్టాండ్లు మూడు నిలబడి ఉన్నాయి. ఇంజనీరుగారు ఒక జట్టును పంపారు, కాంట్రాక్టరు మరొక జట్టును పంపాడు, కన్సల్టెంటుగారు తానే వచ్చి నిలబడ్డారు. ఒకరి పరీక్షను మరొకరు నమ్మే ప్రసక్తే లేదట. ఎవరి బొక్క వారిదే, అదీ తమ కుర్చీ పడబోయే చోటుకు సరిగ్గా ఎదురుగా, ఆ మూలగది గోడకు బయటివైపున! ఎక్కడ ఏ పొర ఉందో టేపు పట్టి కొలుస్తున్నారు. మట్టిని సంచుల్లో కట్టి చీటీలు అంటిస్తున్నారు. కాంట్రాక్టరు అయితే మట్టిని వేళ్లతో నలిపి వాసన కూడా చూశాడు. అంతటి శ్రద్ధను కట్టడానికి ముందు చూసి ఉంటే నాకు కళ్లు చెమర్చేవి.

ఇక నేల గట్టితనం చూడటానికి పైపు నిలబెట్టారు. ఇంకా గుండు వేయనే లేదు. పైపు తన బరువుకు తానే, వెన్నలోకి చెంచా దిగినట్లు సర్రున లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రి దాని కోసం వంగి చూశాడు. కన్సల్టెంటుగారు కూడా వంగి చూశారు.

పొద్దువాలే లోపలే ఉత్తర్వు వచ్చింది. ఆ గదిలోకి ఎవరూ, ఏ కారణం చేతా అడుగు పెట్టరాదని. కింది నేల అంతా చెత్తతో పూడ్చినదనీ, ప్రాణాపాయం ఉందనీ, గదిని పడగొట్టి గట్టినేల తగిలేదాకా పునాది తీసి మళ్లీ కట్టాలనీ ముగ్గురూ ఏకగ్రీవంగా రాశారు. ఆ ఉత్తర్వును నేను భూతద్దం పెట్టి చదివాను. అందులో "భావించబడును" లేదు. "చెప్పజాలము" లేదు. ఆఖరికి ఒక్క అస్పష్టమైన కామా కూడా లేదు!

పాఠక మహాశయులారా, నా ఆవేదనను అర్థం చేసుకోండి. ఎన్నో తరాలుగా ఎన్నో భవనాలను మోసిన నిబంధన, ఒక పంతులమ్మ మూడు కుర్చీలు వేయబోయేసరికి ఒక్క రోజు కూడా తట్టుకోలేకపోయింది. ఈ వార్త బయటికి పొక్కి, ఆసుపత్రి కట్టించేవాళ్లనూ వంతెన కట్టించేవాళ్లనూ జనం ఇలాగే "ముందు మీరు కూర్చోండి" అని అడగడం మొదలుపెడితే, దేశంలో ఎంత నేల తవ్వి చూడవలసి వస్తుందో ఊహించారా?

కాబట్టి ప్రభుత్వంవారికి నా విన్నపం ఒక్కటే. ఈ నిబంధన చల్లగా బతకాలంటే, దాన్ని రాసేవారినీ, రాయించేవారినీ, సంతకం చేసేవారినీ ఆ గదుల్లో ఎన్నడూ కూర్చోనివ్వకండి. అందులో కూర్చోవడానికి పిల్లలు ఉన్నారు.